‘తగ్గింది’ అన్న మాట: శస్త్రచికిత్స తర్వాత కాలేయ పనితీరు, రక్తంలోని అమైనో ఆమ్లాల సాక్ష్యం

వ్యాససంగ్రహం:

కాలేయ శస్త్రచికిత్స జరిగిన రోగి కోలుకుంటున్నాడా లేదా అన్నది ప్రధానంగా రక్తపరీక్షల అంకెల ద్వారానే తెలుస్తుంది. ఆ అంకెల్లో కొన్ని కాలేయానికి తగిలిన గాయాన్ని చెబుతాయి, కొన్ని కాలేయం చేస్తున్న పనిని చెబుతాయి. తెలుగులో ఈ రెండింటికీ వేర్వేరు మాటలు స్థిరపడకపోవడం వల్ల రోగి బంధువుల అవగాహనలో పొరపాటు దొర్లుతోంది. రక్తంలోని అమైనో ఆమ్లాల స్థాయిలు, వాటి నిష్పత్తులు, వాటిని కాలేయం స్వీకరించే వేగం కాలేయపు పనిని ఎలా వెల్లడిస్తాయో వివరించడం, ఆ వివరణకు తగిన తెలుగు పదజాలాన్ని చర్చించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: కాలేయం, అమైనో ఆమ్లాలు, ఫిషర్ నిష్పత్తి, స్వీకార వేగం, శాస్త్ర పరిభాష, గుంటూరు మిర్చియార్డు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో అంకె దిగినా ‘తగ్గింది’ అంటాం, జబ్బు నయమైనా ‘తగ్గింది’ అంటాం. జ్వరం విషయంలో ఈ రెండర్థాలూ ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. థర్మామీటరులో అంకె దిగితే మనిషికి నయమైనట్టే. కాలేయం విషయంలో మాత్రం ఈ రెండర్థాలు విడిపోతాయి.

పర్చూరు ప్రాంతంలో పత్తి, మిరప పండించిన మా మేనమామకు కొన్నేళ్ల క్రితం కాలేయంలో గడ్డ ఉందని తేలింది. ఒక ఆసుపత్రిలో కుడివైపు భాగాన్ని తొలగించారు. రోజూ ఉదయం వచ్చే రక్తపరీక్ష కాగితాన్ని అత్తయ్య నా చేతికిచ్చేది. తెలుగులో పరిశోధన చేసినవాణ్ణి కాబట్టి అందులో ఉన్నది తెలుగులో చెప్పగలనని ఆమె నమ్మకం. మూడో రోజుకు ఎస్.జి.పి.టి. అంకె మొదటిరోజు ఉన్నదానిలో మూడోవంతుకు దిగింది. “తగ్గుతోంది అత్తయ్యా” అన్నాను. ఐదో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. మామయ్య పగలంతా మగతగా ఉండి రాత్రి మేలుకొని, చేనికి నీళ్లు పెట్టాలని లేవబోయేవాడు. పందొమ్మిదో రోజున చనిపోయాడు. దినాలయ్యాక అత్తయ్య అడిగింది: “తగ్గుతోంది, తగ్గుతోందన్నావు గదరా, మరి మనిషికెందుకు తగ్గలేదు?”

ఆ మాట అన్నది వైద్యులు కాదు, నేను. ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టింది. నేను వైద్యుణ్ణి కాను. ఇందులోని వైద్యవిషయాన్ని భాషాధ్యయనం చేసేవాడిగా చదివి, అర్థం చేసుకొన్న మేరకు వివరిస్తున్నాను.

2. గాయం వేరు, పని వేరు:

ఆసుపత్రుల్లో ‘ఎల్.ఎఫ్.టి.’ అని పిలిచే పరీక్షల కట్టను తెలుగులో ‘కాలేయ పనితీరు పరీక్ష’ అంటున్నాం. ఆ కట్టలో అందరి కంటా ముందుగా పడేవి ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అనే రెండు ఎంజైములు. నిజానికి ఇవి పనితీరును కొలవవు. మామూలుగా కాలేయ కణాల లోపల ఉండే ఈ ఎంజైములు కణం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారతాయి. అంటే ఇవి గాయానికి గుర్తులు. 1950ల నడుమ ఈ పరీక్షలు వైద్యంలోకి వచ్చినప్పటినుంచీ వాటి ఉపయోగం అదే.

మన ప్రాంతపు పోలిక చెప్పుకోవాలంటే, జిన్నింగు మిల్లు గోడ కూలితే లోపలి దూది రోడ్డు మీదికి ఎగిరివస్తుంది. రోడ్డు మీది దూదిని చూసి గోడ ఎంత కూలిందో అంచనా వేయవచ్చు గాని, రేపు మిల్లు ఎన్ని బేళ్లు కడుతుందో చెప్పలేం. రోడ్డు మీద దూది తగ్గిపోయిందంటే గోడ కట్టుకొని ఉండవచ్చు, లేదా మిల్లులో ఎగరడానికి దూదే మిగలకపోయి ఉండవచ్చు. కాలేయం విస్తారంగా నశించినప్పుడు ఎంజైములు వేగంగా దిగిపోతూ, అదే సమయంలో బిలిరుబిన్ పెరుగుతూ, రక్తం గడ్డకట్టే సమయం పొడవవుతూ ఉంటే వైద్యులు దాన్ని ప్రమాద సూచనగానే చూస్తారు.

అదే కట్టలో పనిని చెప్పేవి కూడా కొన్ని ఉన్నాయి. ఆల్బుమిన్‌ను కాలేయమే తయారుచేస్తుంది. అయితే రక్తంలో దాని అర్ధాయువు మూడు వారాల దాపు కాబట్టి, ఈరోజు తయారీ ఆగినా వెంటనే తెలియదు. పైగా ఆపరేషన్ తర్వాత ఎక్కించే ద్రవాలవల్ల, రక్తనాళాల నుంచి బయటికి ఊరిపోవడంవల్ల అది ఎలాగూ పడిపోతుంది. రక్తం గడ్డకట్టే సమయం అంతకంటే త్వరగా మాట్లాడుతుంది. ఎందుకంటే ఏడో గడ్డకట్టు కారకం అర్ధాయువు కొద్ది గంటలే. కాలేయ భాగాన్ని తొలగించిన తర్వాత ఐదో రోజున ప్రోత్రాంబిన్ సూచిక 50 శాతానికి దిగువన, బిలిరుబిన్ లీటరుకు 50 మైక్రోమోల్‌లకు ఎగువన ఉంటే మరణాపాయం చాలా ఎక్కువని 2005లో ఫ్రెంచి శస్త్రవైద్య బృందం ప్రతిపాదించిన ‘50-50’ సూత్రం నేటికీ వాడుకలో ఉంది. 2011లో అంతర్జాతీయ బృందమొకటి ఇచ్చిన నిర్వచనం కూడా ఐదో రోజునే గీటురాయిగా పెట్టుకొంది.

ఐదో రోజుదాకా ఆగాలన్నది ఈ సూత్రాల పరిమితి. అంతకుముందే కాలేయపు పనిని చూడగలమా అన్న ప్రశ్నే అమైనో ఆమ్లాల దగ్గరికి తీసుకువెళ్తుంది. పైన చెప్పిన రెండు ఎంజైములు కణంలో ఉండగా చేసే పని అమైనో ఆమ్లాలకు సంబంధించిందే కావడం గమనార్హం. ఒక అమైనో ఆమ్లం నుంచి అమైనో సమూహాన్ని తీసి మరొక అణువుకు అందించడం వాటి వృత్తి. మనం ఇన్నాళ్లూ మిల్లు బయట పడిన కూలీలను లెక్కపెడుతున్నాం. అమైనో ఆమ్లాలను కొలవడమంటే మిల్లుకు చేరిన సరుకు ఏమవుతోందో చూడడం.

3. అమైనో ఆమ్లాల దారులు:

తిన్న పప్పులోని మాంసకృత్తులు పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోయి, నిర్వాహక సిర ద్వారా ముందుగా కాలేయానికి చేరతాయి. అక్కడ వాటి దారులు చీలిపోతాయి. ఫినైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే ఆరోమాటిక్ అమైనో ఆమ్లాలను విచ్ఛిన్నం చేసే ప్రధాన స్థానం కాలేయమే. మిథియోనిన్ సంగతీ అంతే. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే మూడూ వేరు. వీటి అణువుల్లో కార్బన్ గొలుసు కొమ్మలు వేసి ఉంటుంది. వీటి విచ్ఛిన్నంలో మొదటి మెట్టుకు కావలసిన ఎంజైము కాలేయంలో తక్కువగా, కండరాల్లో ఎక్కువగా ఉంటుంది. కాబట్టి ఇవి అధికభాగం కాలేయాన్ని దాటి కండరాలకు చేరతాయి.

విచ్ఛిన్నంలో వెలువడే అమ్మోనియా మెదడుకు విషం. దాన్ని కాలేయం యూరియాగా మారుస్తుంది. ఈ చక్రాన్ని క్రెబ్స్, హెన్స్‌లైట్ 1932లో వివరించారు. మా మామయ్య ఏటా మిరపచేలో చల్లిన 45 కిలోల బస్తాలోని యూరియా, కాలేయం తయారుచేసే యూరియా ఒకే అణువు. బస్తా సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. రెండో సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కాలేయం అలసినప్పుడు జరిగేది ఈ చీలిక నుంచే ఊహించవచ్చు. ఆరోమాటిక్ ఆమ్లాలను ఖర్చుచేసే చోటు మూతపడినట్టే కాబట్టి అవి రక్తంలో పోగుపడతాయి. యూరియాగా మారని అమ్మోనియాను కండరాలు గ్లూటమిన్‌గా మార్చి సర్దుబాటు చేయబోతాయి. ఆ పనిలో కొమ్మల గొలుసు ఆమ్లాలు ఖర్చయిపోయి రక్తంలో పడిపోతాయి. ఒక జట్టు పెరుగుతుంది, ఇంకొక జట్టు తగ్గుతుంది.

ఈ పరిశీలనకు పూర్వచరిత్ర ఉంది. 19వ శతాబ్ది నడుమ జర్మన్ వైద్యుడు ఫ్రెరిక్స్, కాలేయం హఠాత్తుగా కుంచించుకుపోయిన రోగుల మూత్రంలో ల్యూసిన్, టైరోసిన్ స్ఫటికాలను గుర్తించాడు. ల్యూసిన్ గుండ్రంగా, టైరోసిన్ సూదుల గుత్తుల్లా సూక్ష్మదర్శినిలో కనిపించేవి. ఎంజైముల పరీక్షకు సుమారు వందేళ్ల ముందే అమైనో ఆమ్లాలు కాలేయం గురించి సాక్ష్యం చెప్పాయన్నమాట. అయితే అవి స్ఫటికాలై మూత్రంలో కనబడేసరికి రోగి చివరి దశకు చేరి ఉండేవాడు.

4. ఫిషర్ నిష్పత్తి:

1971లో జోసెఫ్ ఫిషర్, బాల్డెస్సరీనీ ‘లాన్సెట్’ పత్రికలో ఒక ప్రతిపాదన చేశారు. కాలేయం విఫలమైనప్పుడు మెదడులో అసలు నాడీవాహకాల స్థానంలోకి నకిలీవి చేరడం వల్ల మగత, తికమక కలుగుతాయన్నది దాని సారం. తర్వాతి సంవత్సరాల్లో ఈ ఆలోచన అమైనో ఆమ్లాలతో ముడిపడింది. మెదడులోకి వెళ్లే ఒకే ద్వారం కోసం కొమ్మల గొలుసు ఆమ్లాలూ ఆరోమాటిక్ ఆమ్లాలూ పోటీపడతాయి. మొదటివి తగ్గితే రెండోవి ఎక్కువగా లోపలికి చేరి, నకిలీ వాహకాలకు ముడిసరుకు అవుతాయి. మా మామయ్య పగటి నిద్ర, రాత్రి మెలకువ ఈ స్థితికి తొలి లక్షణాలుగా వైద్యగ్రంథాలు చెప్పేవే. అప్పుడు మేము దాన్ని ఆసుపత్రిలో కొత్తచోటు కావడంవల్ల వచ్చిన నిద్రలేమి అనుకొన్నాం. నకిలీ వాహకాల సిద్ధాంతం పూర్తిగా నిలబడలేదు. నేడు అమ్మోనియాకే ప్రధాన పాత్ర ఇస్తున్నారు. కాని ఆ కృషి నుంచి వచ్చిన నిష్పత్తి మిగిలింది.

వాలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ మొత్తాన్ని ఫినైల్ అలనిన్, టైరోసిన్ మొత్తంతో భాగిస్తే వచ్చేది ఫిషర్ నిష్పత్తి. ఆరోగ్యవంతుల్లో ఇది 3 నుంచి 3.5 దాపున ఉంటుంది. కాలేయం బాగా విఫలమైనవారిలో 1 దాపుకు, అంతకు దిగువకూ పడిపోతుంది. లెక్క కోసం అంకెలు వేసుకొందాం. ఒకరి రక్తంలో లీటరుకు వాలిన్ 220, ల్యూసిన్ 120, ఐసోల్యూసిన్ 60 మైక్రోమోల్‌లు ఉన్నాయి, మొత్తం 400. ఫినైల్ అలనిన్ 55, టైరోసిన్ 65, మొత్తం 120. నిష్పత్తి 3.3. ఇంకొకరిలో మొదటి మూడూ కలిపి 260, చివరి రెండూ కలిపి 200. నిష్పత్తి 1.3. అయిదింటినీ కలిపి చూస్తే మొదటివారికి 520, రెండోవారికి 460. మొత్తంలో తేడా పెద్దది కాదు. పైగా కాలేయం చెడ్డవారికే ‘తగ్గింది’. ఏది తగ్గిందో, ఏది పెరిగిందో విడదీసినప్పుడే అంకె మాట్లాడుతుంది.

జపాన్‌లో దీన్ని మరింత సులువుచేసి, కొమ్మల గొలుసు ఆమ్లాల మొత్తాన్ని ఒక్క టైరోసిన్‌తోనే భాగించే పద్ధతిని ఆసుపత్రుల వాడుకలోకి తెచ్చారు.

5. నిల్వ చెప్పేది, చెప్పనిది:

శస్త్రచికిత్స తర్వాత ఈ నిష్పత్తిని నమ్మడంలో ఒక చిక్కు ఉంది. దానికి ఉత్తమమైన ఉపమానం మన గుంటూరు మిర్చియార్డు. సాయంత్రం యార్డులో టిక్కీలు గుట్టలుగా పడి ఉన్నాయనుకొందాం. కొనేవాళ్లు లేక పడి ఉన్నాయా? లేక కొనుగోళ్లు బాగానే ఉన్నా, ఆ రోజు పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి సరుకు విపరీతంగా వచ్చిందా? గుట్టను ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. నిల్వ అనేది వచ్చిన సరుకుకూ వెళ్లిన సరుకుకూ మధ్య తేడా మాత్రమే.

రక్తంలోని అమైనో ఆమ్ల స్థాయి కూడా అటువంటి నిల్వే. ఆపరేషన్ అనే దెబ్బకు శరీరం కండరాలను కరిగించి అమైనో ఆమ్లాలను రక్తంలోకి వదులుతుంది. ఇన్ఫెక్షన్ తోడైతే ఆ కరుగుదల ఇంకా ఎక్కువ. కండరం ఫినైల్ అలనిన్‌ను తయారుచేయదు, విచ్ఛిన్నమూ చేయదు. కాబట్టి కండరం కరిగినకొద్దీ అది రక్తంలోకి వచ్చిపడుతుంది. కాలేయం చక్కగా ఉన్న రోగిలో కూడా ఆపరేషన్ తర్వాత ఫినైల్ అలనిన్ పెరగడానికి ఇదొక కారణం. కాలేయం ఈ సరుకును అందుకొని గాయం మానడానికి, ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కోవడానికి కావలసిన మాంసకృత్తులను, గ్లూకోజును తయారుచేస్తుంది. ఆ రోజుల్లో కాలేయం పని మామూలుకంటే ఎక్కువ. సగం కాలేయం పోయినవాడికి ఆ పని చేసే స్థలం సగమే.

కాబట్టి అడగవలసింది నిల్వ ఎంత అని కాదు, వచ్చే సరుకును కాలేయం ఎంత వేగంగా అందుకొంటోంది అని. 1980లలో బోస్టన్‌లో క్లోవ్స్, ఆయన సహచరులు సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు. రోగికి నరం ద్వారా అమైనో ఆమ్లాలను స్థిరమైన వేగంతో ఎక్కిస్తారు. కండరాల నుంచి విడుదలవుతున్నదాన్ని కాలికి వెళ్లే రక్తంలోనూ కాలి నుంచి వచ్చే రక్తంలోనూ ఉన్న తేడానుబట్టి లెక్కిస్తారు. ఈ రెండు రాకలను కలిపి, రక్తంలోని స్థాయితో భాగిస్తే కాలేయంతోసహా లోపలి అవయవాలు నిమిషానికి ఎంత రక్తంలోని అమైనో ఆమ్లాలను అందుకొంటున్నాయో తేలుతుంది. సిర్రోసిస్ ఉండి శస్త్రచికిత్సకు వచ్చినవారిపై 1984లో వెలువడిన వారి అధ్యయనంలో, తర్వాత బతికినవారిలో ఈ వేగం ఎక్కువగా, చనిపోయినవారిలో తక్కువగా కనిపించింది. 1987లో వచ్చిన మరో పత్రం ఆపరేషన్ అనంతర చిక్కులనూ మరణాన్నీ ఊహించడానికి ఇది పనికివస్తుందని చెప్పింది.

కాలేయ మార్పిడిలో ఇదే సూత్రం మరింత స్పష్టంగా కనబడుతుంది. పాత కాలేయాన్ని తీసి కొత్తది అమర్చే నడుమ శరీరంలో కాలేయమే ఉండదు. ఆ వ్యవధిలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. కొత్త కాలేయంలోకి రక్తం వదిలాక అది పనిచేస్తుంటే స్థాయిలు దిగడం మొదలవుతుంది. ఇక్కడ మాత్రం ‘తగ్గింది’ అన్నమాట రెండర్థాల్లోనూ నిజం.

ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. కొమ్మల గొలుసు ఆమ్లాలు తగ్గాయి కదా అని వాటినే సీసాలో ఎక్కిస్తే నిష్పత్తి సరిపోతుంది. దానివల్ల మగత, తికమక కొంత తగ్గుతాయని అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి. మరణాలు తగ్గుతాయని మాత్రం చెప్పలేకపోయాయి. యార్డులో లెక్క సరిచేసినంత మాత్రాన కొనేవాడు రాడు.

6. కొలత:

ఇంత చెప్పే పరీక్ష ప్రతి ఆసుపత్రిలోనూ ఎందుకు లేదు? అమైనో ఆమ్లాలను విడివిడిగా కొలవడం తేలిక కాదు. 1910లో రూమన్ కనిపెట్టిన నిన్‌హైడ్రిన్ ఊదారంగు, దాన్ని ఆధారం చేసుకొని 1958లో స్పాక్‌మన్, స్టైన్, మూర్ రూపొందించిన స్వయంచాలక యంత్రం ఈ కొలతకు పునాదులు. రంగు గాఢతతో రక్తంలోని పదార్థాన్ని కొలిచే ఆ సంప్రదాయంలో మనవాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి భాస్వరం కొలతకు సంబంధించింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా జీవరసాయన విద్యార్థులు దాన్ని నేటికీ నేర్చుకొంటారు.

నేటి యంత్రాలు వేగమైనవే, కాని ఖరీదైనవి. నమూనా కూడా సుకుమారమైనది. తీసిన రక్తం వెచ్చని చోట నిలవుంటే గ్లూటమిన్ గ్లూటమేట్‌గా మారిపోతుంది. ఎర్రకణాలు పగిలితే వాటిలోని ఆర్జినేజ్ ఆర్జినిన్‌ను ఆర్నిథిన్‌గా మార్చేస్తుంది. వెంటనే చల్లబరచి, ప్లాస్మాను వేరుచేసి, గడ్డకట్టించి పంపాలి. రెంటచింతల ఎండల్లో, మే నెలలో, నమూనా బస్సెక్కి హైదరాబాదు చేరేసరికి అది రోగి రక్తం గురించి చెబుతుందో, ప్రయాణం గురించి చెబుతుందో అనుమానమే. పరగడుపున తీశారా, అమైనో ఆమ్లాల సీసా ఎక్కుతుండగా తీశారా, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి అన్నవీ ఫలితాన్ని మారుస్తాయి. అందువల్ల నేటికీ ఇది బిలిరుబిన్, గడ్డకట్టే సమయాల పక్కన నిలబడే సాక్షి మాత్రమే. వాటిని తోసిరాజనే పరీక్ష కాదు.

7. పరిభాష చర్చ:

అమైనో ఆమ్లాలకు ‘నవామ్లాలు’ అన్న తెలుగుమాట ఉన్నా, పాఠ్యపుస్తకాల బలంతో ‘అమైనో ఆమ్లాలు’ స్థిరపడింది. దాన్ని కదిలించడం అనవసరం. ‘ఆరోమాటిక్’ను ‘సుగంధ ఆమ్లాలు’ అని అనువదిస్తే వాసన గురించి అనుకొంటారు. టైరోసిన్‌కు సుగంధంతో పని లేదు. జున్నుకు గ్రీకుమాటైన ‘టైరోస్’ నుంచి దానికి ఆ పేరు వచ్చింది. కనుక ఆరోమాటిక్‌ను అలాగే ఉంచడం మేలు. ‘శాఖాయుత శృంఖల’ అన్న సంస్కృత సమాసంకంటే ‘కొమ్మల గొలుసు’ చెవికి త్వరగా అర్థమవుతుంది. పరిశోధన పత్రంలో మొదటిది, రోగి పక్కన రెండోది ఉండవచ్చు.

అసలు చిక్కు ‘క్లియరెన్స్’ దగ్గర వస్తుంది. మూత్రపిండాల విషయంలో దీన్ని ‘శుద్ధి’, ‘తొలగింపు’ అంటే చెల్లుతుంది, అక్కడ పోయేది మలినం. కాలేయం అందుకొనే అమైనో ఆమ్లాలు మలినం కావు, ముడిసరుకు. ‘తొలగింపు’ అంటే కాలేయం చెత్తబుట్ట అవుతుంది. అందుచేత ఈ వ్యాసకర్త ‘స్వీకార వేగం’ అన్న పదాన్ని ప్రతిపాదిస్తున్నాడు. అలాగే ఎంజైములను ‘కాలేయ గాయ సూచికలు’ అని, గడ్డకట్టే సమయం, అమైనో ఆమ్లాల స్వీకార వేగం వంటివాటిని ‘కాలేయ పని సూచికలు’ అని విడదీసి పిలవాలని, రెండింటినీ ఒకే ‘పనితీరు పరీక్ష’ కింద చేర్చరాదని మనవి. బిలిరుబిన్‌ను ఏ వర్గంలో పెట్టాలన్నది చర్చనీయం. పైత్యరసం దారి మూసుకుపోయినా అది పెరుగుతుంది కాబట్టి అది రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది.

‘తగ్గింది’ అన్న మాటను భాషనుంచి తీసేయలేం, తీసేయనక్కరలేదు కూడా. అంకె గురించి మాట్లాడేటప్పుడు ‘దిగింది’ అనీ, మనిషి గురించి మాట్లాడేటప్పుడే ‘తగ్గింది’ అనీ అంటే చాలు. మూడో రోజు ఉదయం నేను అత్తయ్యకు చెప్పవలసిన వాక్యాలు ఇవి: “గాయం అంకె దిగింది అత్తయ్యా. కాలేయం పని అందుకొందో లేదో ఇంకా తెలియదు. మామయ్య పగలు ఎక్కువగా నిద్రపోతున్నాడేమో గమనించు, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాలి.”